మూత తెరవకు

బ్రూక్షాబాద్,
జూన్ 12.

శివాజీ బావకి నూకన్న రాస్తున్నది.

ముందుగా ఒక సంగతి. ఇది మాట్లాడటం కిందికి రాదు. గంగమ్మ తల్లి ముందు నేను పెట్టుకున్న ఒట్టు, "నీతో ముందు నేను మాట్లాడితే నా నాలుక పడిపోవాల" అని. నువ్వూ అదే ఒట్టు పెట్టుకున్నావు, కాకపోతే నాకంటే పెద్ద గొంతుతో. రాయకూడదని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. అయినా అనుమానం ఎందుకని పక్కింటి సాంబశివరావు మాస్టారిని అడిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించి, "నోరు కదలనంత వరకు ఒట్టుకి భంగం లేదు, ఫోను మాత్రం వద్దు" అని తేల్చారు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ అడగడం లేదట, సంతోషించారు.

నువ్వు మా అక్కని తీసుకుని ఓడెక్కి ఆ చివరి దీవిలో, కేంప్‌బెల్ బేలో, ఐసు ఫ్యాక్టరీ పనికి పోయాక ఇక్కడ అందరం హాయిగా ఉన్నాం. శివాజీ లేకపోతే నూకన్న బోటు ఇంజను స్టార్టవదని జంగ్లీఘాట్‌ జెట్టీలో చెప్పుకునేవారు. అవుతోంది. నీ బదులు నాగరాజుని పెట్టాను. ప్రోతరాపూర్ బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడు చూడు, వాడే. డ్రైవరే కదా. ఇంజనంటే మర్యాద ఉన్నవాడు, కిందికి దిగేముందు దానికి దణ్ణం పెట్టి మరీ దిగుతాడు.

నీ ఇనప మూత ఇప్పుడు బోటులో లేదు. దాని కోసమేగా అంత రభస. ఇంజను రూం మీద మూత వేస్తే కింద ఉడికి చస్తున్నామని నేనన్నాను, మూత లేకపోతే నేనుండనని నువ్వన్నావు. ఆ తర్వాత అన్నవి అందరూ విన్నారు, మళ్లీ రాయడం దేనికి. ఆ మూత మీద మా ఇంటిది కాళమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. వాన వస్తే మూతతో సహా లోపలికి ఈడ్చేస్తుంది. చాలా ఉపయోగంగా ఉంది.

ఇంజను రూంకి గాలి తగిలి చక్కగా ఊపిరి తీసుకుంటోంది. మా అందరి లుంగీలు సైలెన్సర్ గొట్టం మీదే ఆరేస్తున్నాం. ఈ దీవుల వానలో బట్ట ఆరే చోటు అదొక్కటే. సముద్రం మీద పొడిబట్ట కట్టుకుని అన్నం తింటున్నాం. నీ హయాంలో మాకా యోగం లేదు.

అసలు రాసిన పని, పానాల పెట్టె తాళం చెవి ఎక్కడ పెట్టావు? నాగరాజు బోటంతా వెతికాడు. ఇంకే పనీ లేదు. ఉత్తరం దుర్గారావు చేతికిస్తున్నాను. ఓడలోనే ఉద్యోగం కాబట్టి పోస్టు కంటే ముందు అందిస్తాడు.

ఇట్లు,
బోటు ఓనరు నూకన్న.


కేంప్‌బెల్ బే,
జూన్ 27.

నూకన్నకి,

తాళం చెవి పానాల పెట్టె కింద మేకుకి వేలాడుతోంది. ఇన్నేళ్లూ అక్కడే ఉంది. పెట్టె ఎత్తి చూడలేదంటే నాగరాజు ఇంజను కింద ఏం కారుతోందో కూడా చూడటం లేదన్నమాట.

మేం బాగున్నాం. ఐసు ఫ్యాక్టరీలో జనరేటరు చూస్తున్నాను. అది నాతో వాదించదు.

లుంగీల సంగతి రెండుసార్లు చదివాను, వేళాకోళానికి రాశావేమోనని. సైలెన్సర్ గొట్టానికి నేను చుట్టిన వేడి ఆపే తెల్లపట్టీ ఏమైంది? అది అందానికి చుట్టలేదు. ఆ గొట్టం కాలినప్పుడు దాని మీద డీజిల్ చుక్క పడితే అగ్గిపుల్ల గీయక్కర్లేదు. లుంగీ ఉంటే ఇంకా సుఖం, వత్తి కూడా నువ్వే వేసిచ్చినట్టు.

మొన్న మీ అక్క బూరెలు వేస్తుంటే మూకుట్లో నూనె అంటుకుంది. నీళ్లు పొయ్యలేదు, ఊదలేదు. స్టవ్ కట్టేసి, మూకుడు మీద పళ్లెం బోర్లించి, పక్కింటావిడతో మాట్లాడటానికి వెళ్లిపోయింది. వచ్చేసరికి ఆరిపోయింది. ఇంజను రూం కూడా మూకుడే, కాకపోతే అయిదుగురు మనుషులు దాని మీద పడుకుంటారు. నేను మూత అడిగింది నా సోకుకి కాదు. గాలి తెగితే మంట చస్తుంది. నెత్తళ్లు వేరే చోట కూడా ఎండుతాయి.

సంతకంలో బోటు ఓనరువని గుర్తు చేశావు. నేనేం మర్చిపోలేదు. "బోటు నాది, నువ్వు జీతగాడివి" అని మన వల లాగే పెద్దబ్బాయి, ఆటో తెచ్చిన నాగరాజు, ఐసు బండివాడు, అందరూ ఉండగానే చెప్పావు కదా.

శివాజీ.


బ్రూక్షాబాద్,
జూలై 15.

బావకి,

తాళం చెవి దొరికింది. నాగరాజు చూసుండేవాడే, ఈలోగా నీ ఉత్తరం వచ్చేసింది.

తెల్లపట్టీ అడిగావు. దురదపెడుతోందని నాగరాజు విప్పేశాడు. గొట్టానికి కాదు, వాడికి.

ఇంజను విషయంలో నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు. డీజిల్ పైపు కారుతుంటే కొత్తది వేయించాను. మా ఇంటి కూలరులోకి నీళ్లు పట్టే ప్లాస్టిక్ పైపు, అద్దంలా ఉంటుంది. డీజిలు పారుతుంటే కంటికి కనిపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీ పాత పైపులో ఏం పారేదో దేవుడికే తెలియాలి.

మొన్న తనిఖీకి వచ్చారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, లైట్లు ఉన్నాయి. మంటలార్పే ఎర్ర సిలిండరు ఏదన్నారు. ఇంటికి మనిషిని పంపి తెప్పించాను. బోటులో పెడితే ఉప్పుగాలికి తుప్పు పడుతుందని టీవీ పక్కన పెట్టాం కదా. గంగమ్మ పండక్కి దానికీ పసుపు రాసి బొట్లు పెట్టాం, ఎవరూ ఎత్తుకుపోకుండా నైలాన్ తాడుతో పైనుంచి కిందికి చుట్టి ముడేశాను. వచ్చినాయన దాని చుట్టూ ఓసారి తిరిగి, "అచ్ఛా, మరి అవసరం పడితే దీన్ని విప్పేదెలా?" అన్నాడు. తల్లి దయవల్ల అవసరం పడదన్నాను. ఆయన ఏదో రాసుకుని, ఇది బోటులోనే ఉండాలి, తాడు లేకుండా ఉండాలి అని చెప్పి వెళ్లాడు. మంచి మనిషే గాని భక్తి తక్కువ.

జీతగాడి మాట ఎత్తావు. కోపంలో వంద అంటాం. నువ్వు కూడా నన్ను ఆరోజు "వల వేయడం తప్ప నీకేమొచ్చు" అన్నావు. నేనది పట్టించుకోలేదు. మనసులో పెట్టుకున్నాను, అంతే.

అక్కని అడిగానని చెప్పు.

నూకన్న.


కేంప్‌బెల్ బే,
ఆగస్టు 2.

నూకన్నకి,

కూలరు పైపు గురించి చదివి కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. మీ అక్క ఏమైందని అడిగింది. మీ తమ్ముడు ఇంజనుకి అద్దాల మేడ కట్టించాడని చెప్పాను.

ఆ పైపు వేడికి మెత్తబడుతుంది. మెత్తబడితే క్లిప్పు దగ్గర జారుతుంది. జారితే డీజిలు పిచికారీలా వెళ్లి సైలెన్సర్ మీద పడుతుంది. ముచ్చటగానే ఉంటుంది, ఒక్కసారి.

సత్యారావు గుర్తున్నాడా? గుర్తులేకుండా ఎలా ఉంటాడు, వాడి బోటుని మన బోటే తాడేసి లాక్కొచ్చింది. ఆ రోజు వాడి ఇంజను రూంలో మంట లేచాక మూత వేసిన మాట నిజమే. చప్పుడు ఆగిపోయింది, పొగ తగ్గింది. ఆరిపోయిందేమో చూద్దామని మూత తీశాడు. అంతే, చూశాడు. లోపల ఇనుమంతా కాలే ఉంటుంది కదా, కాస్త గాలి అందగానే మళ్లీ భగ్గుమని మొహం మీదికి వచ్చింది. ఇక్కడికి వచ్చేముందు వాణ్ణి చూడ్డానికి వెళ్లాను. నవ్వుతూనే మాట్లాడాడు. అన్నం వాళ్లావిడ కలిపి పెడుతోంది. వాడి వేళ్లు ముద్ద పట్టవు.

నేను మూత చేయించింది ఆ వారమే. ఎందుకో నీకు చెప్పలేదు, చెప్తే భయపడ్డానని నవ్వుతావని. నిజంగానే భయపడ్డాను.

ఇప్పుడు రాసేది నాగరాజుకి, పెద్దబ్బాయికి చదివి వినిపించు. మంట లేస్తే ముందు ఇంజను ఆపాలి. డీజిల్ ట్యాంకు వాల్వుకి నేనొక తీగ కట్టి స్టీరింగు దగ్గరికి తెచ్చి ఉంచాను, కిందికి దిగకుండా పైనుంచి లాగితే డీజిలు కట్టవుతుంది. ఆ తీగ ఇంకా ఉందో, దాని మీద కూడా బట్టలు ఆరేస్తున్నారో నాకు తెలీదు. గాలి గొట్టాల్లో తడి గోనెలు కుక్కాలి. మూత వెయ్యాలి. డెక్కు మీద, మూత చుట్టూ నీళ్లు పోస్తూ ఉండాలి, లోపల మాత్రం పొయ్యకూడదు. ఎర్ర సిలిండరు ఇంజను రూం బయట ఉండాలి, లోపల ఉంటే మంటలోకి దిగి తెచ్చుకోవాలి.

ఆ తర్వాత ఏమీ చెయ్యకూడదు. అదే కష్టం. మూత మీద కూర్చో. ఎవరు చెప్పినా తెరవకు. నువ్వు చెప్పినా తెరవకు.

శివాజీ.


బ్రూక్షాబాద్,
ఆగస్టు 24.

బావకి,

కొన్ని మార్పులు జరిగాయి. ఇవి నీ మాట విని చేసినవి కావు, ఎవరి కారణాలు వాళ్లకున్నాయి.

కూలరు పైపు తీయించి డీజిలుకి వాడే అసలు పైపు వేయించాను. ఎందుకంటే కూలరుకి పైపు లేక మా మంజు వేడికి చదువుకోలేకపోతోంది. పిల్ల చదువు ముఖ్యం కదా.

ఎర్ర సిలిండరు తాడు విప్పి స్టీరింగు గది తలుపు పక్కన తగిలించాను. టీవీ కొంచెం పెద్దది కొన్నాం, చోటు చాల్లేదు. బొట్లు మాత్రం ఉంచాను.

తీగ విషయం నువ్వు రాసింది నిజమే. పెద్దబ్బాయి దాన్ని తెంపి గేలాలకి వాడుకున్నాడు. కొత్తది కట్టించాను. నాగరాజు బద్ధకస్తుడు, ప్రతిదానికీ కిందికి దిగలేడు, వాడి సుఖం కోసం. పట్టీ కూడా మళ్లీ చుట్టించాను, వాడే చుట్టాడు, దురదపడ్డాడు. వాడికది శిక్ష అనుకో.

మూత కూడా బోటుకి వచ్చేసింది. నెత్తళ్లు డీజిలు వాసన వేస్తున్నాయని కొనేవాళ్లు వెనక్కిచ్చేస్తున్నారట. కాళమ్మే రిక్షా పిలిచి ఎక్కించి పంపింది. నేను కాదనలేకపోయాను.

సత్యారావు సంగతి చదివి వినిపించాను. పెద్దబ్బాయి బీడీ కాల్చడానికి దూరంగా వెళ్లాడు.

బట్టలు మాత్రం అక్కడే ఆరతాయి. గొట్టానికి పట్టీ చుట్టాక వేడి తగ్గింది, లుంగీకేం కాదు. అన్నిట్లోనూ నువ్వే నెగ్గితే బోటు మీద నా పేరెందుకు? ఏదో ఒకటి నా మాట కూడా ఉండనీ.

అక్కడ దసరాకి సెలవిస్తారా? ఊరికే అడుగుతున్నాను. గంగమ్మ గుడికి కొత్త సున్నం వేశారు.

నూకన్న.


కేంప్‌బెల్ బే,
సెప్టెంబరు 14.

నూకన్నకి,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. మంజు చదువు గురించి విని చాలా సంతోషించింది. కూలరు పైపు దగ్గర నవ్వు ఆపుకోలేక లోపలికెళ్లింది. చాలా కాలానికి నవ్వింది.

పట్టీ చుట్టావు, పైపు మార్చావు, తీగ కట్టావు, మూత తెచ్చావు. నా మాట విని కాదని రాశావు. నమ్మాను.

ఇక్కడ పని పర్మనెంటు చేస్తామంటున్నారు. క్వార్టరు కూడా ఇస్తారట. మీ అక్కకి ఇక్కడ గాలి పడింది. దసరా సంగతి చూడాలి.

నాగరాజు ఇంజను స్టార్టు చేసేటప్పుడు మొదట ఒక దగ్గు దగ్గుతుంది, తర్వాత సర్దుకుంటుంది. దగ్గు రెండు అయితే నాజిల్ చూడమను.

ఒక్కమాట. బట్టలు తీసెయ్. పట్టీ ఉన్నా జాయింట్ల దగ్గర ఇనుము బయటే ఉంటుంది, బట్ట అక్కడికి జారితే చాలు. ఓనరువి నువ్వే, నెగ్గాల్సింది నువ్వే, నేను కాదనను. ఆజ్ఞాపించడం లేదు. అడుగుతున్నాను.

శివాజీ.


బ్రూక్షాబాద్,
అక్టోబరు 3.

గౌరవనీయులైన బావగారికి నూకన్న నమస్కరించి వ్రాయునది.

మేము అందరం క్షేమం. బోటు క్షేమం. మీరు, అక్క క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు పడుతున్నవి. చేపలు బాగా పడుతున్నవి. బట్టలు తీసివేసినాము. మీరు చెప్పినది నిజం.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

నూకన్న.


కేంప్‌బెల్ బే,
అక్టోబరు 11.

ఒరే నూకన్నా,

ఏం జరిగింది?

నన్ను గౌరవించావు. "మీరు" అన్నావు. నీ పెళ్లికి నేను బట్టలు పెట్టినప్పుడు కూడా అనలేదు. "మీరు చెప్పినది నిజం" అని రాశావు. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ మాట నీ నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అది మంజు చేతిరాత. పిల్ల ముత్యాల్లా రాసింది, కాని అది నీ రాత కాదు. నీ చేతికేమైంది?

దుర్గారావుని అడిగాను. నేనింకా అడగడం పూర్తి చెయ్యకముందే "నాకేం తెలీదు భయ్యా" అన్నాడు. తెలియనివాడు అంత తొందరగా అనడు. సిగ్నలు దొరికినప్పుడు మీ అక్క కాళమ్మకి ఫోను చేసింది. కాళమ్మ ఎంతసేపూ వంకాయల గురించే మాట్లాడిందట. నూకన్న ఏడని అడిగితే పడుకున్నాడంది. పట్టపగలు. నువ్వు.

మీ అక్క నిన్నటి నుంచి సరిగా తినలేదు. నాకు కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. మంజు చేతే రాయించు, పర్వాలేదు.

శివాజీ.


బ్రూక్షాబాద్,
అక్టోబరు 19.

బావా,

సరే విను. మంజు రాస్తోంది, నేను చెప్తున్నాను.

రట్లాండ్ దీవి దాటాక, మధ్యాహ్నం అన్నాలు తినే వేళ. నా లుంగీయే. పెద్దబ్బాయిది కాదు, నాగరాజుది కాదు, నాదే. గొట్టం మీంచి జాయింటు దగ్గరికి జారింది. కింద ఆయిలు నీళ్లున్నాయి, తోడించాలి తోడించాలి అనుకుంటూ తోడించలేదు. కాలిన ముక్క అందులో పడింది. ముందు వాసన వచ్చింది, వంట మాడిందనుకుని పెద్దబ్బాయిని తిట్టాను. తర్వాత నల్లగా పొగ.

నాగరాజు ఆటో డ్రైవరని రాశాను కదా. వాడే ఇంజను ఆపి, తీగ లాగి, గోనెలు తడిపి గాలి గొట్టాల్లో కుక్కాడు. నీ ఉత్తరం వాడికి కంఠతా వచ్చు. వాణ్ణి ఇంకేమీ అనను.

మూత గాలి కోసమని తెరిచి ఆనించి ఉంది. దాన్ని నేను లాగి మూశాను. అప్పటికే కాలిపోతోంది. వదిలేస్తే మూత పడదు, పట్టుకుంటే చేతులు పోతాయి. పట్టుకున్నాను.

ఎర్ర సిలిండరు పిన్ను పెద్దబ్బాయి లాగాడు, మూత వేసేలోపు ఆ సందులోంచి లోపలికి కొట్టాడు. బొట్లు పెట్టిన సిలిండరు బాగానే పని చేసింది. తనిఖీకి వచ్చినాయనకి ఆ సంగతి చెప్పాలి.

తర్వాత తడి గోనెలు పరిచి మూత మీద కూర్చున్నాను. ఏమీ చెయ్యకూడదు, అదే కష్టం అని రాశావు. అంత కష్టమని సరిగా రాయలేదు నువ్వు. లోపల ఏదో పగిలింది. పెద్దబ్బాయి ఏడుస్తూ "అన్నా, ఖోల్ దో అన్నా, మూత తీసెయ్, నీళ్లు పోసేద్దాం, బోటు పోతాది" అని నా భుజం లాగాడు. నేను లేవలేదు. కాసేపటికి చప్పుడు తగ్గింది, పొగ తగ్గింది. ఆరిపోయిందేమో, ఒక్కసారి సందులోంచి చూద్దాం అనిపించింది. ఎవరికి? నాకే. మూత మీద కూర్చున్నవాడికే. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది, నువ్వు చెప్పినా తెరవకు అని.

నాగరాజుని నా జేబులోంచి ఫోను తీసి నీ నంబరు కొట్టి నా చెవికి పెట్టమన్నాను. అక్కడ సిగ్నలు ఉండదని నాకు తెలుసు. అయినా మాట్లాడాను. "బావా, మూత మీద కూర్చున్నాను. తెరవమంటున్నారు, తెరవను. నాకు భయమేస్తోంది. నువ్వెక్కడున్నావు" అన్నాను. సిగ్నలు లేదు కాబట్టి ఒట్టు లెక్కలోకి రాదని సాంబశివరావు మాస్టారు అంటున్నారు. నాకైతే సందేహంగానే ఉంది.

మావయ్యా, నాన్న చాలాసేపు అలాగే ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడట. నాగరాజు బాబాయి చెప్పాడు. ఇది రాయొద్దన్నాడు నాన్న. నేను రాశాను మావయ్యా. మంజు.

పొద్దువాలే వేళకి గణేశ్వరరావు బోటు వచ్చి తాడేసి జంగ్లీఘాట్‌కి లాక్కొచ్చింది. అందరం ఉన్నాం. అరచేతులు రెండూ కట్టు కట్టారు. వేళ్లు కదులుతున్నాయి. నెల రోజులు పోతే నా అన్నం నేనే కలుపుకుంటానని డాక్టరమ్మ చెప్పింది. సత్యారావులా కాదు. ఇది నీకు ముందే రాసుంటే బావుండేది, కాని అప్పటికి ఆవిడ ఇంకా ఆ మాట చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. ఇంజను రూం మూత ఇంకా తెరవలేదు. బోటు జంగ్లీఘాట్‌లో కట్టేసి ఉంది. ఇంజను మిగిలిందో లేదో చూద్దాం, ఇప్పుడు చల్లారిపోయి ఉంటుంది తెరుద్దాం అని రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. నేను తెరవనివ్వడం లేదు. మెకానిక్కుని వెనక్కి పంపాను. అందరూ నవ్వుతున్నారు. తెరవకు అని రాశావు గాని, ఎంతసేపు అని నువ్వు రాయలేదు.

బోటు నాదే బావా. ఇంజను నీది. ఆ రోజు అనాల్సింది ఇదీ. వేరేది అన్నాను.

నూకన్న.


కేంప్‌బెల్ బే,
అక్టోబరు 27.

నూకన్నా,

చదివాను. మీ అక్క ఏడ్చింది, తర్వాత నిన్ను తిట్టింది, తర్వాత పెట్టె సర్దింది. ఇక్కడ గాలి ఆమెకి పడిందని రాశాను, అది అబద్ధం. వచ్చిన రోజు నుంచీ ఊరి పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది. పర్మనెంటు కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. పెడదామని పెన్ను తీసిన ప్రతిసారీ నాగరాజు ఇంజను ఎలా స్టార్టు చేస్తున్నాడో అని ఆలోచన వచ్చేది.

నీ చేతుల సంగతి వచ్చాక చూస్తాను.

లుంగీ నీదేనని రాశావు. ఇంకొకడి మీద పెట్టి రాయొచ్చు, నేను నమ్మేవాణ్ణి. పెట్టలేదు.

దుర్గారావు ఓడకే టికెట్లు తీశాం. ఈ ఉత్తరం కూడా అదే ఓడలో వస్తోంది. నేను వస్తున్నప్పుడు ఉత్తరం ఎందుకని మీ అక్క అడిగింది. జెట్టీ మీద దిగాక ముందు ఇది నీ చేతికి ఇస్తాను. కట్లున్నాయి కాబట్టి మంజు చదువుతుంది. అంతవరకు నోరు తెరవకు.

మూత ఎవరినీ తెరవనివ్వకు. చల్లారింది, చాలా రోజుల క్రితమే చల్లారింది, ఆ సంగతి నీకూ తెలుసు. అయినా ఉంచు. నేను వచ్చి చెయ్యి పెట్టి చూస్తాను. నువ్వు పక్కన నిలబడు. లోపల ఏం మిగిలితే అది ఇద్దరం చూద్దాం. ఇంజను పోతే పోనీ, ఇంకో ఇంజను దగ్గుతుంది.

ఒట్టు సంగతి. సిగ్నలు లేకపోయినా నువ్వు మాట్లాడావు. మాస్టారు లెక్కలోకి రాదన్నారు. నేను లెక్కలోకి తీసుకున్నాను. ముందు నువ్వే మాట్లాడావు, నీ నాలుక పడిపోలేదు, గంగమ్మ తల్లి ఏమీ అనుకోలేదు.

కాబట్టి జెట్టీ మీద నువ్వేమీ అనక్కర్లేదు. ఈసారి నా వంతు.

మీ బావ,
శివాజీ.